ఆరో ఏట, ఆరో పన్ను

తెలుగులో పన్ను అనే మాట ఒక్కటే. అది పెట్టే బాధలు రెండు. ఒకటి ఏటా మార్చి నెలలో నాలాంటి జీతగాళ్ళను పీడిస్తుంది. రెండోది తిథీ వారమూ చూడకుండా అర్ధరాత్రి నిద్రలేపి పీడిస్తుంది. మొదటిదాని సంగతి మా కాలేజీలో అర్థశాస్త్రం చెప్పే ఆయన చూసుకుంటాడు. ఈ వారం నేను రెండోదాన్ని గురించి మీతో నాలుగు మాటలు చెప్పుకుంటాను.

"తెలుగు మేష్టారికి పళ్ళతో పనేమిటండీ?" అని మీరు అడగవచ్చు. పని లేకేం? త, థ, ద, ధ, న - ఇవి దంత్యాలని ఇరవై ఏళ్ళనుంచీ పిల్లలకు చెబుతున్నాను. నాలిక కొస పైపళ్ళను తాకితేగాని ఆ అక్షరాలు పలకవు. కాబట్టి ముందుపళ్ళ విషయంలో నేను పండితుణ్ణే. కాని నా పాండిత్యం ముందుపళ్ళ దగ్గరే ఆగిపోయింది. వాటి వెనక, చీకట్లో, ఏ అక్షరానికీ అక్కరకు రాకుండా ఉండే దవడపళ్ళ సంగతి నాకు బొత్తిగా తెలియదు. ఆ తెలియనితనానికి నేను చెల్లించవలసిన పన్ను మా అమ్మాయి చెల్లించింది.

మూడేళ్ళ కిందటి మాట. అప్పుడు దానికి పదేళ్ళు. ఒక రాత్రి పదకొండు గంటలకు దవడ పట్టుకుని నా మంచం దగ్గరకొచ్చి నుంచుంది. "నాన్నా, పన్ను నొప్పి" అంది. ఇల్లంతా లేచింది. మా అమ్మ లవంగం నలిపి పెట్టమంది. మా ఆవిడ ఉప్పునీళ్ళు కాచి తెచ్చింది. నేను ఇంటి యజమానిని కదా, టార్చిలైటు వేసి నోట్లోకి చూశాను. కుడివైపు కింది దవడలో, వెనకాల పన్ను మీద ఒక నల్లగీత, ఆ గీత మధ్యలో చిన్న గుంట కనిపించాయి.

"ఏం లేదు, పాలపన్ను. ఇవాళో రేపో అదే ఊడిపోతుంది" అని తీర్పు చెప్పేశాను.

నా తీర్పు వెనక ఒక తర్కం లేకపోలేదు. అప్పటికి దానికి ముందుపళ్ళు పైనా కిందా ఎనిమిదీ ఊడి, కొత్తవి వచ్చాయి. ఊడి వచ్చినవి అసలు పళ్ళు. ఇంకా ఊడనివి పాలపళ్ళు. వెనకాల పన్ను ఎప్పుడూ ఊడలేదు. కాబట్టి అది పాలపన్ను. తర్కశాస్త్రం చదివినవాళ్ళు కూడా దీనిలో తప్పు పట్టలేరనుకున్నాను.

లవంగం పుణ్యమా అని నొప్పి తగ్గింది. ఎండాకాలం సెలవులొచ్చాయి. అమ్మమ్మగారి ఊరు వెళ్ళింది, మామిడిపళ్ళు తింది, అరిసెలు తింది, తిరిగొచ్చింది. వచ్చిన వారానికి ఒక ఉదయం లేచి చూస్తే కుడిబుగ్గ పూరీలా పొంగి ఉంది. అప్పుడు పరుగెత్తాను.

మేము వెళ్ళిన డాక్టరమ్మ ఎవరో కాదు, ఒకప్పుడు ఇంటర్మీడియట్‌లో నా దగ్గర ఛందస్సు నేర్చుకున్న పిల్ల. సంస్కృతం తీసుకుంటే మార్కులు దండిగా వస్తాయని తోటివాళ్ళంతా అటు పోతే, తాను మాత్రం తెలుగే చదువుతానని కూర్చుంది. నన్ను చూడగానే లేచి నుంచుని, "రండి మాస్టారూ" అంది. నోరు చూసింది, ఎక్స్‌రే తీసింది. ఆ తర్వాత కొంతసేపు ఏమీ మాట్లాడలేదు.

"మాస్టారూ, ఇది పాలపన్ను అనుకున్నారు కదూ?" అంది.

"కాదా అమ్మా?"

"కాదండీ. ఇదే అసలు పన్ను. పాపకు ఆరో ఏట వచ్చింది. దీనికి ముందు ఆ చోట ఏ పన్నూ లేదు. దీని తర్వాత మరొకటి రాదు."

పుచ్చు వేళ్ళు చీలే చోటుదాకా దిగిపోయిందనీ, పన్ను తల నిలబడేటట్టు లేదనీ, తీసెయ్యడం తప్ప దారిలేదనీ చెప్పింది. క్లాసులో యతి తప్పిన పద్యాన్ని చూపించి నేను ఎంత నెమ్మదిగా చెప్పేవాణ్ణో, నాకూ అంత నెమ్మదిగా చెప్పింది. నాకు మాత్రం చెంపదెబ్బలాగే తగిలింది.

వాపు తగ్గడానికి మందులిచ్చి, తర్వాత పన్ను తీసింది. మా అమ్మాయి ఏడవలేదు. ఇంటికొచ్చేదాకా ఆ పన్నును కాగితంలో చుట్టి గుప్పిట్లో పట్టుకుంది. రాగానే తిన్నగా మా అమ్మ దగ్గరకు పోయి, "నాయనమ్మా, ఆవుపేడ కావాలి. దీన్ని ఇంటిమీద వేద్దాం" అంది.

మా ఇంట్లో అది అలవాటు. పాలపన్ను ఊడితే పేడముద్దలో పెట్టి ఇంటి కప్పుమీదికి విసరాలి. విసిరితే కొత్త పన్ను తొందరగా వస్తుంది. నా పాలపళ్ళన్నీ మా ఊళ్ళో పెంకుటింటి మీదకు మా అమ్మే విసిరింది. దీని పళ్ళు ఎనిమిదీ అలాగే విసిరింది. ఎనిమిదిసార్లూ కొత్తవి వచ్చాయి. మా అమ్మ మాట తప్పిపోవడం ఆ పిల్ల ఎరగదు.

మా అమ్మ నా ముఖం చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. చివరికి మా ఆవిడే దాన్ని దగ్గరకు తీసుకుని, "అది ఇంక రాదమ్మా" అని చెప్పింది. నొప్పికి ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లేచి ఏదో మాటకు అర్థం వెతుకుదామని నిఘంటువు తీశాను. అందులోంచి ఒక చీటీ జారి పడింది. అంతకు రెండేళ్ళ కిందట, అమ్మాయి మూడో తరగతిలో ఉండగా, బళ్ళో పళ్ళ పరీక్ష చేసి ఇంటికి పంపిన చీటీ అది. "వెనక పళ్ళలో లోతైన గాడులున్నాయి, సీలెంట్ వేయించండి" అని రాసి ఉంది. సీలెంట్ అంటే ఏమిటో నాకు తెలియదు. తెలియని మాట కనిపిస్తే నిఘంటువు చూడండని పిల్లలకు చెప్పే నేను, ఎవరినీ అడగలేదు. ఖర్చు పెట్టించడానికి ఏదో కొత్త ఎత్తు అనుకున్నాను. ఆ చీటీని నిఘంటువులో గుర్తుగా పెట్టుకున్నాను.

ఇంకో విచిత్రం చెబుతాను. అదే ఏడాది వేసవిలో మా మేడమీద సన్నటి పగుళ్ళు కనబడితే, వానలు రాకముందే మేస్త్రీని పిలిచి, పగుళ్ళన్నీ గీకించి, కడిగించి, ఎండబెట్టించి, పూత పూయించాను. "వాన పడ్డాక ఏం చేస్తాం, ముందే జాగ్రత్త పడాలి" అని ఇరుగుపొరుగువారికి హితబోధ కూడా చేశాను. సీలెంట్ అంటే సరిగ్గా అదేనని నాకు తర్వాత తెలిసింది. కొంప కప్పుకున్న విలువ కూతురి పంటికి ఇవ్వలేదన్నమాట.

ఆ తరువాత నేను డాక్టరమ్మ దగ్గర శిష్యరికం చేశాను. ఆమె చెప్పిందీ, నేను చదివి తెలుసుకున్నదీ కలిపి మీ ముందు పెడుతున్నాను.

పాలపళ్ళు మొత్తం ఇరవై. అవి ఊడిన చోట్ల ఇరవై కొత్త పళ్ళు వస్తాయి. కాని పెద్దవాళ్ళకు ముప్ఫైరెండు కదా, మిగతా పన్నెండూ ఎక్కడివి? అవి పాలపళ్ళ వెనక, ఖాళీ చిగుళ్ళలోంచి, దేన్నీ ఊడగొట్టకుండా వస్తాయి. వాటిలో మొదటివి నాలుగు - పైన రెండు, కింద రెండు - ఇంచుమించు ఆరో ఏట వస్తాయి. రెండో నాలుగు పన్నెండో ఏట. చివరి నాలుగూ మనం జ్ఞానదంతాలంటామే, అవి, అందరికీ రావు.

ఈ ఆరో ఏటి పన్నుతో వచ్చిన చిక్కు ఏమిటంటే, అది దొంగలా వస్తుంది. ముందుపన్ను ఊగితే ఇంట్లో పండుగ. ఊడితే ఫోటో తీస్తాం. ఇది వచ్చినప్పుడు ఏదీ ఊగదు, ఏదీ ఊడదు. అన్నప్రాసనకు ముహూర్తం పెట్టాం, అక్షరాభ్యాసానికి ముహూర్తం పెట్టాం. జీవితాంతం అన్నం నమలవలసిన పన్ను వచ్చిన రోజు మాత్రం ఇంట్లో ఎవరికీ తెలియదు. పైగా అది పూర్తిగా పైకి రావడానికి నెలలు పడుతుంది. ఆ నెలలన్నీ పక్క పళ్ళకంటే కిందుగా, సగం చిగురు కప్పుకుని ఉంటుంది. పిల్లవాడు బ్రష్షు తోముతున్నా కుచ్చు పక్క పళ్ళ మీదనుంచే పోతుంది గాని దాన్ని అంటదు.

ఇక దాని నిర్మాణం చూడండి. పాత ఇళ్ళలో తిరగలి ఉండేది. రాయి నున్నగా అరిగిపోతే గింజ నలగదని గంట్లు కొట్టించేవారు. వీధిలో "తిరగళ్ళకు గంట్లు కొడతాం" అని కేక వేసుకుంటూ వచ్చేవాళ్ళను మా అమ్మ ఇప్పటికీ తలుచుకుంటుంది. దవడపన్ను కూడా తిరగలే. ఇంగ్లీషులో దీన్ని మోలార్ అనడం కూడా లాటిన్ భాషలో తిరగలిరాయికి ఉన్న పేరును బట్టే. భగవంతుడు కొట్టిన ఆ గంట్లే పంటి మీది గాడులు. మెత్తగా నమలడానికి అవి కావాలి. కాని కొన్ని గాడులు ఎంత సన్ననివంటే బ్రష్షు కుచ్చులో ఒక్క పోగు కూడా వాటిలోకి దూరదు. పోగు దూరని చోట మెతుకు దూరుతుంది, బెల్లం దూరుతుంది, కంటికి కనబడని సూక్ష్మజీవులు కాపురం పెడతాయి.

ఆ సూక్ష్మజీవులు మన నోట్లో ఎప్పుడూ ఉండేవే. మనం తీపి తింటే అవీ తింటాయి. తిని ఆమ్లాన్ని విడుస్తాయి. ఆ ఆమ్లం పంటి పైపొర అయిన ఎనామెల్‌లోని ఖనిజాన్ని కరిగిస్తుంది. మన ఒంట్లో ఎనామెల్‌ను మించిన గట్టి పదార్థం లేదు, ఎముక కూడా దాని తర్వాతే. కాని ఎముక విరిగితే అతుకుతుంది, ఎనామెల్‌కు గుంట పడితే పూడదు. కొద్దిగా కరిగినప్పుడు మాత్రం లాలాజలం తిరిగి సరిచేస్తుంది. దానికి ఆ వ్యవధి ఇవ్వాలి. అందుకే ఒకేసారి రెండు లడ్డూలు తిన్నవాడికంటే, ఒక చాక్లెట్‌ను పొద్దున్నించి సాయంత్రందాకా కాస్త కాస్త చప్పరించేవాడికి పళ్ళు త్వరగా పుచ్చుతాయి. మా విద్యార్థులు ఈ మాట విని చాలా సంతోషించారు. లడ్డూల వాక్యం ఒక్కటే వాళ్ళకు గుర్తుండిపోయింది.

మన దేశంలో 2002-03లో పళ్ళ ఆరోగ్యం గురించి సర్వే చేస్తే, పన్నెండేళ్ళ పిల్లల్లో సగంమందికి పైగా పుచ్చుపళ్ళు కనబడ్డాయి. పిల్లల అసలు పళ్ళలో పుచ్చేవాటిలో నూటికి తొంభై వెనకాలి పళ్ళేనని అమెరికా ప్రభుత్వ ఆరోగ్యశాఖవారు లెక్క చెబుతున్నారు. అంటే ముందుపళ్ళు చూసి "మా వాడి పలువరస ముత్యాలండీ" అని మురిసిపోవడంలో అర్థం లేదు. ముత్యాలు ముందు ఉంటాయి. పుచ్చు వెనక ఉంటుంది.

గాడి సన్ననిది, బ్రష్షు పోదు, పోనీ గాడినే పూడిస్తే? ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలో హయట్ అనే దంతవైద్యుడు 1923లోనే, పన్ను పుచ్చకముందే గాడిని మరతో తొలిచి లోహంతో నింపేద్దామన్నాడు. దొంగ వస్తాడేమోనని ముందుగానే గోడ పగలగొట్టి ఇనుపతలుపు పెట్టించడం లాంటిది అది. పన్నును తొలవకుండా పూద్దామంటే, ఏ పూతా తడి నోట్లో నిలబడదు.

ఆ చిక్కు విప్పినవాడు మైకేల్ బ్యూనోకోర్. న్యూయార్క్ రాష్ట్రంలో రాచెస్టర్ అనే ఊళ్ళో పనిచేసేవాడు. లోహానికి రంగు వేసేముందు, రంగు గట్టిగా పట్టుకోవడానికి ఫాస్ఫారిక్ ఆమ్లంతో లోహాన్ని కడగడం కర్మాగారాల్లో వాడుక. అదే ఆమ్లాన్ని పంటి మీద కాసేపు ఉంచితే? ఉంచి చూశాడు. నున్నటి ఎనామెల్ మీద కంటికి కనబడని సన్నటి రంధ్రాలు పడ్డాయి. జిగురు వాటిలోకి దిగి, గట్టిపడి, వేళ్ళూనుకున్నట్టు పట్టుకుంది. ఆ సంగతి 1955లో ప్రకటించాడు. ఏ ఆమ్లం మూలాన పళ్ళు పుచ్చుతున్నాయో, అలాంటి ఆమ్లాన్నే క్షణకాలం వాడుకుని పన్నును కాపాడడం - ముల్లును ముల్లుతోనే తీయడమంటే ఇదే. 1967లో ఆయనా, క్యూటో అనే మరో వైద్యుడూ కలిసి దవడపళ్ళ గాడులను పూడ్చి చూపించారు. మొదట వాడిన జిగురు నోట్లో ఎక్కువకాలం నిలవలేదు. బోవెన్ అనే శాస్త్రజ్ఞుడు తయారుచేసిన గట్టి రెజిన్ అప్పటికి వచ్చింది. దాన్ని తీసుకుని, అతినీలలోహిత కాంతితో గట్టిపరిచే పద్ధతిని బ్యూనోకోర్ 1970లో ప్రకటించాడు. ఇప్పుడు ఆ కాంతి బదులు మామూలు నీలికాంతి వాడుతున్నారు.

ఇదంతా తెలిశాక, ఈ ఏడాది మా చిన్నవాడికి ఆరేళ్ళు నిండాయి. నిండిన మర్నాటినుంచీ నేను టార్చిలైటుతో వాడి వెంట పడ్డాను. వాడు నన్ను చూస్తే నోరు మూసుకునేవాడు. చివరికి వాళ్ళక్కే ఒక ఆదివారం పట్టుకుని చూసి, "నాన్నా, వచ్చింది!" అని కేకేసింది. ఆ కేకలో ఉన్న సంతోషం చూసి నాకు గొంతులో ఏదో అడ్డుపడినట్టయింది.

రెండు మూడు నెలలాగి, కింది రెండు పళ్ళూ పూర్తిగా పైకొచ్చాక డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాం. అందరం వెళ్ళాం, మా అమ్మ కూడా వచ్చింది.

"సూది వేస్తారా?" అని వాడు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"సూదీ లేదు, మరా లేదు. నీ పంటికి చొక్కా తొడుగుతాను, అంతే" అంది డాక్టరమ్మ.

మొదట ఆ పళ్ళను శుభ్రంగా తోమింది. గాడిలో పుచ్చు ఉందేమో పరీక్షగా చూసింది. పన్ను చుట్టూ దూదిచుట్టలు పెట్టి తడి అంటకుండా చేసింది. నీలంరంగు ఆమ్లపు ముద్ద గాడి మీద పెట్టి, అర నిమిషంలోపే నీళ్ళతో కడిగేసింది. గాలి కొట్టి ఆరబెడితే పన్ను సుద్దముక్కలా తెల్లగా అయింది. అలా అయితేనే జిగురు పడుతుందట. అప్పుడు గాడి పొడుగునా పల్చటి రెజిన్ పూసి, నీలిదీపం ఇరవై సెకన్లు చూపించింది. గట్టిపడింది. పళ్ళు కొరికించి, ఎత్తుగా ఉన్నచోట సరిచేసింది. రెండు పళ్ళకూ కలిపి పావుగంట పట్టలేదు. వాడు లేచి, "పుల్లగా ఉంది నాయనమ్మా, చింతకాయలా!" అన్నాడు. అంతకుమించి ఫిర్యాదు లేదు.

మా అమ్మ ఇంతసేపూ చూస్తూ కూర్చుని, "ఇంతేనా? దీనికోసమేనా ఆ పిల్ల పన్ను పోగొట్టుకున్నదీ?" అంది. నేను మాట్లాడలేదు.

నేను డాక్టరమ్మను చాలా ప్రశ్నలు వేశాను. మీకు కూడా అవే సందేహాలుంటాయి గనక జవాబులు చెబుతాను.

"ఇది వేస్తే ఇంక పన్ను పుచ్చదా?" అని అడిగాను. పుచ్చదని ఎవరూ హామీ ఇవ్వరు. దవడపళ్ళలో వచ్చే పుచ్చును రెండేళ్ళపాటు నూటికి ఎనభైపాళ్ళు, నాలుగేళ్ళదాకా సగం మేరకు ఆపుతుందని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థవారు 2016లో చెప్పారు. సీలెంట్ లేని బడిపిల్లల్లో ఈ ఆరో ఏటి పళ్ళు పుచ్చడం ఇంచుమించు మూడింతలు ఎక్కువట. పూత ఊడవచ్చు, అంచు విరగవచ్చు. మేడ మీద పూతను ఏటేటా చూసుకున్నట్టే, దీన్నీ ఆరు నెలలకో ఏడాదికో చూపించుకోవాలి. ఊడితే మళ్ళీ వేస్తారు.

"అయితే బ్రష్షు మానెయ్యొచ్చా?" ఇది మా చిన్నవాడి ప్రశ్న. మానకూడదు. సీలెంట్ కప్పేది నమిలే ముఖాన్ని మాత్రమే. పంటికీ పంటికీ మధ్య ఉన్న సందును అది కాపాడలేదు. చిగుళ్ళకూ దానికీ సంబంధం లేదు. పొద్దున ఒకసారి, పడుకోబోయేముందు ఒకసారి తోముకోవలసిందే.

"పేస్టులో ఫ్లోరైడు ఉంటుంది కదా, అది చాలదా?" అన్నాను. ఫ్లోరైడు అనగానే మనకు నల్లగొండ గుర్తుకొస్తుంది. తాగేనీటిలో అది మితిమీరితే పళ్ళమీద మచ్చలు రావడమే కాదు, ఎముకలే వంకరపోతాయి. పటికా సున్నమూ వేసి నీళ్ళలో ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారంటే ఆ జిల్లా ఎంత అనుభవించిందో తెలుస్తుంది. అదే ఫ్లోరైడు పేస్టులో తగుమాత్రంగా ఉండి, తోముకుని ఉమ్మేస్తే, ఎనామెల్‌కు బలం ఇస్తుంది. మూడేళ్ళు దాటిన పిల్లలకు బఠాణీగింజంత పేస్టు చాలు. అయితే అది నున్నటి గోడలను కాపాడినంతగా లోతు గాడులను కాపాడలేదు. గోడలకు ఫ్లోరైడు, గాడులకు సీలెంట్ - రెండూ కావాలి.

"ఈ జిగురు వల్ల ఒంటికి ఏమీ కాదు కదా?" మా ఆవిడ ప్రశ్న. కొన్ని రెజిన్లలోంచి బిస్ఫినాల్-ఎ అనే పదార్థం అతిస్వల్పంగా, పూసిన కొద్దిగంటలపాటు, ఉమ్మిలో కనబడవచ్చు. అది భయపడవలసినంత కాదని వైద్యసంఘాలు చెబుతున్నాయి. డాక్టరమ్మ పూత గట్టిపడ్డాక పైపొరను దూదితో తుడిచి, నోరు పుక్కిలించమంది.

"పన్ను సగమే వచ్చింది, తడి ఆగదు, అప్పుడేం చేస్తారు?" అలాంటి చోట గ్లాస్ అయనోమర్ అనే మరో పదార్థం వాడతారట. లండన్‌లో విల్సన్, కెంట్ అనే ఇద్దరు 1972లో దాన్ని లోకానికి చెప్పారు. కాస్త తడిని ఓర్చుకుంటుంది, కొంచెం ఫ్లోరైడు విడుస్తుంది. కాని రెజిన్ నిలిచినంత కాలం నిలవదు. పన్ను పూర్తిగా వచ్చేదాకా ఆపద్ధర్మంగా పనికొస్తుంది.

పన్నుకు అప్పటికే పెద్ద గుంట పడితే మాత్రం సీలెంట్ పనికిరాదు. పుచ్చు తీసి నింపించుకోవాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? ఆకులు దొరకడానికి ఒక వేళ ఉంది. ఆ వేళ పన్ను పైకి రాగానే మొదలవుతుంది.

మేము లేవబోతుండగా మా అమ్మాయి మెల్లిగా అడిగింది: "డాక్టరాంటీ, నాకింక ఆలస్యమైపోయింది కదా?"

డాక్టరమ్మ దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి నోరు చూసింది. దానికిప్పుడు పదమూడు. పన్నెండో ఏటి పళ్ళు నాలుగూ వచ్చాయి. కుడివైపు కిందిది మాత్రం, పక్కన ఖాళీ ఉంది కాబట్టి, కాస్త ముందుకు ఒరిగింది. దాన్ని నిటారుగా చేయించే సంగతి తర్వాత చూద్దామంది. "నాలుగూ బాగున్నాయి, గాడులు లోతుగా ఉన్నాయి. వీటికి ఆలస్యం కాలేదమ్మా" అని ఆ పూటే నాలుగింటికీ పూత వేసింది. ఆరో ఏట తప్పిన రైలు పన్నెండో ఏట మళ్ళీ వస్తుంది. ఆ తర్వాత రాదు.

ఖర్చు సంగతి మీరు అడక్కముందే చెబుతాను. ఆరు పళ్ళకు పూత వేయించడానికి అయినదానికంటే, ఒక పన్ను తీయించడానికీ, మందులకీ, ఎక్స్‌రేలకీ అయినదే ఎక్కువ. ఎదుగుదల పూర్తయ్యాక ఆ ఖాళీలో కృత్రిమపు పన్ను పెట్టించవలసిన ఖర్చు ఇంకా ముందుంది. అంత స్తోమత లేదనుకునేవారికి హైదరాబాదులోనూ, విజయవాడలోనూ ప్రభుత్వ దంతవైద్య కళాశాలలున్నాయి. వెళ్ళి అడగడానికి మొహమాటపడకండి. నేను అడగనందుకే ఇంత కథ నడిచింది.

ఇక మీకు ఒక చిన్న పని చెబుతాను. ఇంట్లో ఆరూ ఏడేళ్ళ పిల్లలుంటే, ఈ సాయంత్రం టార్చిలైటు తీసుకోండి. ముందుపళ్ళ సరిగ్గా మధ్యనుంచి ఒక పక్కకు లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు - ఇవి పాలపళ్ళో, వాటి స్థానంలో వచ్చినవో. ఆరోది కనబడితే అదే. ఆరో ఏట, ఆరో స్థానంలో వచ్చే పన్ను. ఈ లెక్క మరిచిపోవడం కష్టం. ఇంత సులువైన సూత్రం మా వ్యాకరణంలో ఒక్కటి కూడా లేదు.

మా అమ్మాయి పన్ను సంగతి చెప్పి ముగిస్తాను. కాగితంలో చుట్టిన ఆ పన్నును మా అమ్మ ఇంటిమీద వేయలేదు, పారేయనూ లేదు. మొన్న ఏదో వెతుకుతుంటే ఆమె ట్రంకుపెట్టెలో, కుంకుమభరిణె పక్కన కనిపించింది. నేను చూసి పెట్టె మూసేశాను. అప్పుడే వెనక వరండాలోంచి మా అమ్మాయి గొంతు వినిపించింది. "నోరు పెద్దది చెయ్యరా! పైవి రెండూ ఇంకా రాలేదు" అంటూ తమ్ముడి నోట్లోకి టార్చిలైటు వేసి చూస్తోంది.